దిబ్బకొట్టాల బడి, హనుమక్క దొడ్డి

మొన్న మా వీధిలో ఒక అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది. స్వీటు బాక్సు పట్టుకుని ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి" అంది. రిటైరైన టీచరు నాలుగు మాటలతో ఆగదని పాపం ఆ పిల్లకు తెలియదు. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, గంటన్నర చెప్పాను. ఆ పిల్ల పోయాక తలుచుకుంటే చెప్పిందంతా ఒక్క ఊరి సంగతి, ఒక్క గొర్ల దొడ్డి సంగతి. ఇన్నేళ్లు పనిచేసి చివరికి మిగిలింది ఇంతేనా అని నాకే నవ్వొచ్చింది.

సరే, మిగిలిందే రాస్తాను. ప్రమోషన్లు, బదిలీలు, జీతం స్కేళ్ల గురించి రాయను. వాటి గురించి కావాలంటే ఏ స్టాఫ్ రూములోనైనా పది నిమిషాలు కూర్చోండి, వద్దన్నా చెబుతారు.

లెక్కల ఇంటి పిల్ల

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. దేవుడి పటం ముందు కన్నా మగ్గం ముందే మాకు భయం ఎక్కువ. అక్షరాలు రాకముందే పోగులు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. "ఒక్క పోగు తప్పినా పువ్వు వంకర పోతాది పాపా. లెక్క తప్పితే చీర తప్పినట్టే" అనేవాడు నాయన.

ఆ మాట నాకు ఎంతగా పట్టిందంటే, ఉద్యోగంలో చేరాక కూడా పొద్దున లేస్తే లెక్కే. పిల్లలను లెక్కపెట్టడం, సుద్దముక్కలు లెక్కపెట్టడం, మధ్యాహ్నం భోజనంలో గుడ్లు లెక్కపెట్టడం. నాయన నుంచి నాకు వచ్చిన రెండో ఆస్తి కోపం. అదీ తక్కువ లేదు. నా క్లాసులో లెక్క తప్పడం అన్నది లేదని తోటి టీచర్ల ముందు గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పలు ఏ గంగలో కలిశాయో ముందు ముందు మీరే చూస్తారు.

కరువు సీమలో దీవి

పెనుకొండకు అవతల ఒక పెద్ద చెరువు ఉంది. పేరుకే చెరువు. నేను ఎరిగినప్పటి నుంచీ అందులో నీళ్లకన్నా తుమ్మచెట్లే ఎక్కువ. దాని నడుమ ఎత్తుగా ఒక దిబ్బ, దిబ్బ మీద ఇరవై ఇళ్లు. ఎప్పుడో గొర్లు కాసేవాళ్లు కొట్టాలు వేసుకుని అక్కడే ఉండిపోయారు. అందుకే ఆ ఊరికి దిబ్బకొట్టాలని పేరు. పిల్లలు ఎండిన చెరువులో అడ్డంగా నడిచి, కట్ట కింది పల్లెలో బడికి పోయేవాళ్లు.

పదేళ్ల కిందట వానలు బాగా పడ్డాయి, పైనుంచి కాలువ నీళ్లూ వచ్చాయి. చెరువు నిండింది. అబ్బబ్బ, మా జనం సంబరం చూడాలి! నీళ్లకు పసుపు కుంకుమలు చల్లారు, పొట్టేళ్లు కోశారు, కట్ట మీద నిలబడి ఫోటోలు దిగారు. సంబరం అయ్యాక చూస్తే దిబ్బకొట్టాల చుట్టూ నీళ్లు. ఆ ఊళ్లో ఒక్కరికీ ఈత రాదు. ఈత నేర్చుకోవడానికి అంతకుముందు నీళ్లుంటే కదా!

తుంగభద్ర దిక్కున పెళ్లి చేసుకున్న రామాంజి అనే ఆయన, అత్తగారి ఊరి నుంచి ఒక పుట్టి తెచ్చాడు. గంపలాగా గుండ్రంగా ఉండే పడవ. ఊరికంతా అదే దారి. కానీ పిల్లలను రోజూ అందులో పంపడానికి పెద్దవాళ్లకు ధైర్యం చాలలేదు. బడి ఆగిపోయింది.

అప్పుడు మా మండల విద్యాధికారి నన్ను పిలిచాడు. ఆయన మాట కటువు, మనసు మెత్తన. "దిబ్బ మీద పద్నాలుగు మంది పిల్లోళ్లు బడి లేకుండా ఉండారమ్మా. వాళ్లు రాలేరు గాబట్టి బడినే ఆడికి పంపల్ల. ఎవర్ని అడిగినా మేం పోమంటాండారు. నువ్వు పోతావా?"

"నాకు ఈత రాదు సార్" అన్నాను.

"ఈత నేర్పేదానికి పంపడం ల్యాదు గదమ్మా. పుట్టిలో కూర్చునేదానికి ఈతెందుకు?"

అలా పోయాను. నేనుండే హిందూపురంలో పొద్దున రైలు, పెనుకొండలో దిగి ఆటో, కట్ట మీద నుంచి రామాంజి పుట్టి. మొదటి రోజు పుట్టి గిరగిరా తిరిగితే కళ్లు మూసుకుని, నాకు తెలిసిన దేవుళ్లందరినీ వరుసగా పిలిచాను. రామాంజి నవ్వి, "భయపడాకు మేడం, మునిగితే ఇద్దరం మునుగుతాం" అన్నాడు. ఎంత ధైర్యం చెప్పాడో చూడండి!

సముద్రం పుస్తకం

ఊరి పంచాయతీ గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో బడి పెట్టాను. నెల తిరగకుండానే ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి రెండు పెద్ద పెట్టెలు వచ్చాయి. దీవుల్లో ఉండే పేద పిల్లలకు ప్రకృతి ద్వారా చదువు చెప్పే కార్యక్రమమట. ఎక్కడో దరఖాస్తులో "ఊరి చుట్టూ నీళ్లున్నాయా?" అని అడిగితే మా విద్యాధికారి సారు "ఉన్నాయి" అని రాసి పంపాడు. ఆయన రాసిందాంట్లో అబద్ధం ఏముంది?

పెట్టె విప్పితే భూతద్దాలు, పదిహేను నారింజ రంగు లైఫ్ జాకెట్లు, ఒక పుస్తకం. పుస్తకం నిండా సముద్రమే. గవ్వలు, అలలు, ఆటుపోట్లు. మా పిల్లలు సముద్రాన్ని టీవీలో కూడా సరిగ్గా చూసినవాళ్లు కాదు. జాకెట్లు మటుకు పనికొచ్చాయి. పద్నాలుగు మందికి పద్నాలుగు పోగా, పదిహేనోది నాకు. అది నా నడుముకు పట్టలేదు. పట్టినంత వరకు లాగి, పిల్లలు పకపకా నవ్వితే, మూలన పడేశాను.

పీత బొమ్మ చూపించి, ఇది సముద్రంలో ఉంటుందని చెబుతుంటే వెనక నుంచి ఒక పిల్ల, "ఇది ఎండ్రకాయ గదా మేడం. మా దొడ్డి ఎనకాల బొక్కలో ఉండాది" అంది. ఆ పిల్లే మారెక్క.

మారెక్కకు అప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మా నాయనా బెంగళూరులో కట్టడాల పనికి పోయారు. వాళ్ల దగ్గర ఇంకో సన్న బిడ్డ. మారెక్క ఇక్కడ అవ్వ హనుమక్క దగ్గర ఉండి గొర్రెపిల్లలు చూసుకునేది. చేరిన వారానికే నాకు సంగతి తెలిసింది. వాళ్ల నాయన నాగరాజు ఉగాది కాగానే వచ్చి మారెక్కను బెంగళూరుకు తోడుకొని పోతాడు. చదివించడానికి కాదు. తల్లి ఇటుకలు మోస్తుంటే సన్న బిడ్డను ఎత్తుకునే దానికి. ఆ పిల్లకు చురుకైన బుర్ర ఉంది. ఉగాది లోపల ఏదో ఒకటి చేసి దీన్ని ఆపాలని పట్టు పట్టాను. ఆపాలంటే ఆపాల్సింది హనుమక్క. ఆమె మాట నాగరాజు దాటడు.

నేనేం చేశానో చూడండి. ఆమెను మంచి చేసుకోవలసింది పోయి, పోయి పోయి ఆమె దొడ్డిలోనే చేయి పెట్టాను.

అరవై మూడు

పుస్తకంలో ఒక పాఠం: మీ చుట్టూ ఉన్న ప్రాణులను లెక్కపెట్టండి. లెక్క అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం గొర్లు ఇంటికొచ్చే వేళకు పద్నాలుగు మందిని హనుమక్క దొడ్డి ముందు నిలబెట్టి, "గట్టిగా లెక్కపెట్టండి" అన్నాను. పిల్లలకు గట్టిగా అరవమంటే కొదవా? ఒకటీ, రెండూ అంటూ దిబ్బ అదిరేలా అరిచారు. మారెక్క మటుకు పెదవులు బిగించి నిలబడింది. "నోరు తెరువు, మూగదానివా?" అని కసిరాను. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది గానీ నోరు తెరవలేదు.

అరవై మూడు అనేసరికి హనుమక్క ఇంటి వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నోర్లు ముయ్యండ్రా! ఎవురు సెప్పినారు మీకు లెక్కపెట్టమని? పాణముండేటివి అవి. రాళ్లా, మూటలా లెక్కపెట్టేదానికి?"

గొర్లు కాసేవాళ్ల ఇళ్లలో మందను లెక్కపెట్టరు. లెక్కపెడితే తగ్గుతాయని నమ్మకం. ఆ ప్రాంతంలో అన్నేళ్లు పనిచేసి కూడా నాకు ఈ సంగతి తెలియదు. ఎవరినీ అడగలేదు, అందుకే తెలియలేదు.

మూడో రోజు రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. పొద్దున గెంతులేస్తున్నవి మధ్యాహ్నానికి కాళ్లు చాచేశాయి. చిటుకు రోగం. నీళ్లు వెనక్కి పోయిన చోట మొలిచిన లేతగడ్డి అతిగా మేస్తే వచ్చేది. కరువు కాలంలో గడ్డే లేదు గనక ఆ రోగాన్ని ఈ ఊరు మరిచిపోయింది. పశువుల డాక్టరు వచ్చి చూసి అదే చెప్పాడు.

నేను హనుమక్క దగ్గరికి పోయి అయ్యో అనలేదు. "చూశావా హనుమక్కా, రోగం వల్ల పోయాయి. లెక్కపెడితే ఏవీ చావవు. ఇవన్నీ మూఢనమ్మకాలు, చదువుకుంటే తెలుస్తాయి" అన్నాను. డాక్టరు ముందు, ఊరి ముందు.

ఆమె చచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. అరవలేదు. "సదువుకున్నదానివి నువ్వు గదా మేడం. గడ్డి మొలిసినప్పుడే ఇట్లా రోగం వస్తాదని ముందే ఎందుకు సెప్పలేదు?"

నిజంగానే నాకూ తెలియదు. సముద్రంలో అలలు ఎందుకు పొంగుతాయో మటుకు తెలుసు.

మరుసటి రోజు బడికి ఆరుగురే వచ్చారు. మారెక్క రాలేదు. హనుమక్క రామాంజి సెల్లు తీసుకుని నాగరాజుతో చెప్పిందట: "బడి రెండు పిల్లల్ని తినింది. ఉగాది దాకా ఎందుకు, ఎప్పుడన్నా వచ్చి తోడుకొని పో."

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్లకు ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. తెలియక చేసిన తప్పును జనం క్షమిస్తారు. తప్పు చేసి, పైన పాఠం చెప్పేవాళ్లను మాత్రం క్షమించరు. నన్ను క్షమించకపోయినా న్యాయమే అయ్యేది.

దొడ్డి వాకిట్లో

వారం రోజులు నా పౌరుషం నన్ను కదలనివ్వలేదు. తరవాత ఒక సాయంత్రం ఐదింటి రైలు వదిలేసి హనుమక్క వాకిట్లో పోయి కూర్చున్నాను. "తప్పయింది హనుమక్కా. నేను ముందు నిన్ను అడగాల్సింది. తరవాత నేనన్న మాట ఇంకా తప్పు" అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. మరునాడూ పోయి కూర్చున్నాను. మూడోనాడు మజ్జిగ చెంబు తెచ్చి ముందు పెట్టింది. "రోజూ ఈడ కూర్చుంటే నీ ఇంట్లో వంట ఎవురు సేస్తారు?" అంది.

ఆ సాయంత్రాలే నాకు ట్రైనింగు. బీఈడీలో నేర్పింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గొర్లు ఇంటికొచ్చే వేళకు హనుమక్క దొడ్డి వాకిలి పక్కన నిలబడేది. ఒక్కొక్కటీ లోపలికి పోతుంటే ముఖం చూసేది. "నల్లమూతిది, మొండిచెవిది, సుక్కది, దీనెమ్మ ఈ ఏడుపుగొట్టుది, ఎప్పుడూ కడాకే వస్తాది." చివరిది పోయాక ఒక్క క్షణం ఆగి, "అందరూ వచ్చినారు" అని ముళ్లకంప లాగి వాకిలి మూసేది. "వచ్చినాయి" అనదు. వచ్చినారు అంటుంది.

"లెక్కపెట్టకుండా ఒకటి తక్కువైతే ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

"నీకు పిల్లలెంతమంది మేడం?"

"ఇద్దరు కూతుళ్లు."

"పొద్దుమునిగి వాళ్లు ఇంటికి రాకపోతే, ఒకటి తక్కువ అనుకుంటావా, పెద్దది రాలేదు అనుకుంటావా?"

చెంబెత్తి మజ్జిగ తాగేశాను. వీళ్లకు ప్రకృతి పాఠాలు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే అని అప్పుడు అర్థమైంది.

సముద్రం పుస్తకం అటక మీద పెట్టేశాను. మా బడి దొడ్ల మధ్యకు వచ్చింది. ఒక్కో పిల్ల పది గొర్ల ముఖాలు గీయాలి, కింద పేర్లు రాయాలి. ఏది ఏ గడ్డి మేస్తుంది, ఎక్కడి నీళ్లు తాగదు, ఏ చెట్టు నీడన పడుకుంటుంది, అడిగి రాయాలి. అవ్వలే మాకు పాఠ్యపుస్తకాలు. హనుమక్క తనంతట తాను మారెక్కను పంపింది. "ఉగాది దాకానే సుమా" అని మాత్రం అంది.

ఆ పిల్ల గీసిన బొమ్మలు చూసి నేను నోరెళ్లబెట్టాను. మొండిచెవి గొర్రెకు చెవి ఎంత తెగిందో అంతే గీసింది. నోరు విప్పని పిల్ల, తోటివాళ్లకు "కండ్లు అట్ల కాదు, దానికి కండ్ల కింద తెల్లగా ఉంటాది" అని దిద్దేది. నాయన లెక్క తప్పితే పువ్వు వంకరపోతుందనేవాడు. ఈ పిల్ల లెక్క లేకుండానే పువ్వు నేసింది.

గడ్డి మీద పాఠం చేస్తుండగా డాక్టరును మళ్లీ పిలిపించాం. లేతగడ్డి కాలానికి ముందే టీకా వేయించాలని ఆయన చెప్పాడు. ఈసారి హనుమక్క అడగాల్సినవన్నీ అడిగింది. ఎన్ని గొర్లున్నాయని ఆయన అడిగితే ఆమె నా వైపు చూసింది. "మందు ఎక్కువే తెండి సార్, మిగిలితే పక్క దొడ్డికి వేస్తాం" అన్నాను. హనుమక్క చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఎన్ని రైళ్లు వదులుకున్నానో!

పద్నాలుగు

ఉగాది ఇంకా రెండు వారాలు ఉందనగా పిల్లలను చిలమత్తూరు దిక్కున ఒక ఊరికి తీసుకెళ్లాను. ఎక్కడెక్కడి నుంచో పెద్ద పెద్ద కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. మా సారే వ్యాను మాట్లాడి పెట్టాడు. ఆ రోజు పిల్లల ఆనందం రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. మారెక్క గంటసేపు ఒకే గూటి కింద నిలబడి, "మేడం, ఈ కొంగ వంగి వంగి నడుస్తాది, మా రామాంజి మామ మాదిరి" అంది.

పొద్దు గుంకే వేళకు కట్ట మీద దిగాం. కట్ట కింది పల్లె పిల్లలు నారింజ జాకెట్లు చూడ్డానికి మూగారు. రామాంజి పుట్టి సిద్ధంగా పెట్టాడు, రెండు దఫాలుగా దాటాలి. అలిసిపోయి ఉన్నాను, తల పగిలిపోతోంది. జాకెట్లు గబగబా పంచి, వరుసలో నిలబెట్టి, నెత్తుల మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. పద్నాలుగు. నాకు పట్టని పదిహేనోది ఎప్పటిలాగే మూటలో మిగిలింది. లెక్క సరిపోయింది.

"ఎక్కండి" అన్నాను.

మారెక్క ఎక్కలేదు. వరుస పొడుగునా ముఖాలు చూస్తూ నడిచింది. "మేడం, శిరీష ల్యాదు."

శిరీష అంటే అందరికన్నా చిన్నది. ఆరేళ్లు. "పద్నాలుగు మందీ ఉన్నారు, ఇప్పుడే లెక్కపెట్టాను. ఎక్కు" అన్నాను.

"పద్నాలుగు ఉంటే ఉండనీ మేడం. శిరీష ల్యాదు."

కసరబోయాను. నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆ పిల్ల బిగించిన పెదవులు చూసి ఆగాను. దొడ్డి దగ్గర కసిరిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నేనూ వరుస చూశాను, ఈసారి ముఖాలు. చివర్లో ఒక కొత్త పిల్ల. పల్లె పిల్ల. పుట్టి ఎక్కాలన్న సరదాతో జాకెట్టు తగిలించుకుని వరుసలో దూరి, తల దించుకుని నిలబడింది.

"శిరీషా!" అని కట్ట పొడుగునా వినబడేలా అరిచాను. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మారెక్క ఏడవలేదు. "దానికి పొద్దున్నుంచీ ఈక కావాలని ఉండాది మేడం. తూము కాడ కొంగలు దిగుతాయి" అని పరిగెత్తింది. వెనకే రామాంజి, వెనక నేను.

తూము మెట్ల మీద, పాచి పట్టిన చివరి రాయి మీద శిరీష కూర్చుని ఉంది. ఒక కాలు నీళ్లలో. అందకుండా తేలుతున్న తెల్ల ఈక కోసం చేయి చాస్తోంది. అక్కడ తూములోకి నీళ్లు లాగుతాయి. మనిషి పడితే దేవుడే దిక్కు. రామాంజి అరవలేదు. పిల్లి మాదిరి మెట్లు దిగి, నడుం పట్టి పైకి లాగాడు. ఆ పిల్ల "నా ఈక, నా ఈక" అని ఏడ్చింది. నేను దాన్ని గుండెలకు హత్తుకుని ఆ మెట్ల మీదే కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మారెక్క నా పక్కన నిలబడి, పెద్దదానిలాగా, "వచ్చేసింది గద మేడం, లెయ్యి" అంది.

ఆ రోజు పుట్టి కదిలి ఉంటే, ఈ వ్యాసం రాసే ముఖం నాకు ఉండేది కాదు.

చెప్పడం

దారిలో రామాంజి మెల్లగా, "బిడ్డ దక్కింది గదా మేడం. ఊర్లో సెప్పాకు. పిల్లోళ్లకి నేను సెప్తాలే" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చెబితే ఊరు బడి మూయిస్తుంది, మారెక్క సంగతి ముగిసిపోతుంది. ఆ మాట నాకు తియ్యగానే వినిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

కానీ దిబ్బ మీద దిగేసరికి హనుమక్క నిలబడి ఉంది. దొడ్డి వాకిట్లో నిలబడినట్టే, దిగే ఒక్కో పిల్ల ముఖం చూస్తోంది. ఆ చూపు ముందు దాచలేకపోయాను. శిరీష తల్లిని, అందరినీ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. "నేను నెత్తులు లెక్కపెట్టాను, ముఖాలు చూడలేదు. మారెక్క చూసింది. మీ బిడ్డ బతికి ఉందంటే ఆ పిల్ల వల్ల. నన్ను ఏమన్నా పడతాను." శిరీష తల్లి తిట్టింది. పడ్డాను. మరుసటి రోజు మా సారుకూ చెప్పాను. ఆయన అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తరవాత, "ఇంగ మీద ప్రతి దఫా ఆ పిల్ల చూసి సరే అంటేనే పుట్టి కదలాల. నేను చెప్పినానని చెప్పు" అన్నాడు. మెమో ఇచ్చి ఉంటే పేజీ నిండేది, ఈ ఒక్క మాట ఎప్పటికీ నిలిచింది. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆయన రిటైరయ్యేటప్పుడు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

ఉగాది అయిన రెండో రోజు నాగరాజు వచ్చాడు. సంచి సర్దమన్నాడు. హనుమక్క వాకిట్లో నన్నూ కూర్చోబెట్టింది.

"పిల్ల రాదు" అంది కొడుకుతో.

"ఏమమ్మా, నువ్వే గదా వచ్చి తోడుకొని పో అన్నావు? ఆడ సన్నదాన్ని ఎవురు ఎత్తుకోవాల? ఇద్దరం పనికి పోకుంటే దుడ్లు యాడ్నుంచి వస్తాయి?"

"సన్నదాన్ని తెచ్చి ఈడ ఇడిసిపెట్టు. నేను సాకుతా. నాకు పని పడితే మేడం సూసుకుంటాది."

నేను ఉలిక్కిపడ్డాను. నన్నెవరూ అడగలేదు మరి!

నాగరాజు నా వైపు చేయి చూపించి, "ఈమె బడికే గదా రెండు పిల్లలు పోయినాయని అంటివి?" అన్నాడు.

"అన్నా. గొర్రె తప్పిపోతే నా తప్పు కాదు అనే కాపరులు ఉండారు, సచ్చిపోయినంక గూడ ఒప్పుకోనోళ్లు. ఈమె, బిడ్డ దక్కినంక గూడ వచ్చి, నేను తప్పు సేసినా అని సెప్పింది. ఇట్లాటి కాపరి కాడ నా మనవరాలు ఉండాల. నువ్వు ఇంగ మాట్లాడాకు."

నాగరాజు ఖాళీ సంచితో తిరిగి పోయాడు. పది రోజులకు పది నెలల బిడ్డ వచ్చింది. రెండేళ్లపాటు మా బడిలో దూలానికి చీర ఉయ్యాల వేలాడింది. ఒక చేత్తో నల్లబల్ల మీద రాస్తూ, ఇంకో చేత్తో ఊపేదాన్ని. అప్పుడు తనిఖీకి ఎవరన్నా వచ్చి ఉంటే ఏం రాసుకునేవారో!

కంప

ఇప్పుడు కట్ట నుంచి దిబ్బకు మట్టిరోడ్డు పడింది. పుట్టి రామాంజి ఇంటి ముందు బోర్లా పడి ఉంది, దాని మీద వడియాలు ఎండబెడతారు. మారెక్క పశువైద్యంలో డిప్లొమా చదువుతోంది. సెలవులకు వస్తే ఊళ్లో గొర్లన్నిటికీ టీకాలు తనే వేస్తుంది.

నేను రిటైరైన రోజు కట్ట కింది పల్లె బడిలో సభ పెట్టారు. వేదిక మీద ఒకాయన, నేను ఎన్నేళ్లు పనిచేశానో, ఎన్ని వందల మందికి చదువు చెప్పానో అంకెలతో మొదలుపెట్టాడు. కింద నుంచి హనుమక్క గొంతు: "ఊరుకో సామీ! దిష్టి తగుల్తాది." సభంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

సభ అయ్యాక ఆమె నన్ను దిబ్బకు తోడుకొని పోయింది. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. పొద్దు వాలుతోంది, గొర్లు వచ్చే వేళైంది. ఎప్పటిలాగే దొడ్డి వాకిలి పక్కన నిలబడింది గానీ, ఆమెకు ఇప్పుడు కళ్లలో పొర కమ్మింది. ముఖాలు ఆనవు. మారెక్క పక్కన నిలబడి ఒక్కొక్కదాన్నీ చూసి చెబుతోంది. "నల్లమూతి దాని మనవరాలు వచ్చిందవ్వా. సుక్కది వచ్చింది. కుంటికాలుది వచ్చింది." అవ్వ ఊ కొడుతోంది. నేను వెనక అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. రేపటి నుంచి పొద్దున రైలు లేదు, ఈ పిల్లలు లేరు అనుకున్నాను.

చివరి గొర్రె లోపలికి పోయింది. హనుమక్క కంప మీద చేయి వేసి, ఆగింది.

"మేడం యాడుండాది?"

మారెక్క వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. "ఈడే ఉండాదవ్వా."

"అయితే అందరూ వచ్చినారు" అని హనుమక్క కంప లాగింది.